ల్యాప్‌టాప్‌లో నడిచిన గ్రోమాక్స్ క్లస్టర్‌లో ఎందుకు మొరాయిస్తోంది?

ముందు మీ సమస్యను నాకు అర్థమైనంతలో చెప్తాను. మీరు బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తున్నారు, ప్రోటీన్ సిమ్యులేషన్లకు గ్రోమాక్స్ వాడుతున్నారు. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 24.04, ల్యాబ్ వర్క్‌స్టేషన్‌లో రాకీ లైనక్స్ 9, డిపార్ట్‌మెంట్ క్లస్టర్‌లో (నోడ్లు అనే కంప్యూటర్లను కలిపిన గుంపు) ఇంకా సెంటోస్ 7 ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లో కంపైల్ చేసిన ఫోల్డర్‌ను కాపీ చేస్తే రాకీలో "జీలిబ్‌సీ 2.38 దొరకలేదు" అని ఆగిపోయింది. సెంటోస్‌లో అలాంటి వరుసలు ఇంకా నాలుగైదు వచ్చాయి. ల్యాప్‌టాప్‌లోనూ సెంటోస్ 7 వేసేయమని ఒక సీనియర్ అన్నారు, ఆర్చ్ లైనక్స్‌కి మారమని ఇంకో ఫ్రెండ్ అన్నారు. ఎలాగోలా మూడు చోట్లా విడివిడిగా కంపైల్ చేసి నడిపితే ఎనర్జీ విలువలు చివరి అంకెల్లో కలవడం లేదు. "ఇందులో ఏది కరెక్ట్?" అని గైడ్ అడిగారు. సైన్స్ సాఫ్ట్‌వేర్‌కి ఏ డిస్ట్రో, అంటే ఉబుంటు, రాకీ లాంటి లైనక్స్ రకం, మంచిదో చెప్పమని మీరు అడుగుతున్నారు.

ల్యాప్‌టాప్‌లో ఉబుంటునే ఉంచుకోండి. పద్నాలుగేళ్లుగా ఈ ఊళ్లో ల్యాబుల క్లస్టర్లు చూసుకుంటున్నాను. డిస్ట్రో మార్చడం వల్ల ఇలాంటి సమస్య తీరిన సందర్భం నాకు గుర్తు లేదు. ఒక ప్రోగ్రాం సిస్టమ్ మీద ఆధారపడే చోట్లు నాలుగైదే ఉంటాయి: జీలిబ్‌సీ, కంపైలర్‌తో వచ్చే లైబ్రరీలు, చాలా కోర్లు కలిసి ఒకే పని చేసేలా చూసే ఎంపీఐ, ప్రాసెసర్, జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) ఉంటే దాని డ్రైవర్. ఏ ఎర్రర్ ఏ చోటి నుంచి వస్తుందో గుర్తుపట్టడం వస్తే ఉబుంటు అయినా రాకీ అయినా మీకు ఒకటే.

జీలిబ్‌సీతో మొదలుపెడదాం, మిమ్మల్ని ఆపింది అదే కాబట్టి. మామూలుగా లైనక్స్‌లో నడిచే ప్రతి ప్రోగ్రాం కిందా ఉండే సీ లైబ్రరీ ఇది. సెంటోస్ 7లో ఉన్నది 2.17, అంటే 2012 డిసెంబర్‌లో విడుదలైనది. రాకీ 9లో 2.34, ఉబుంటు 22.04లో 2.35, మీ ఉబుంటు 24.04లో 2.39 ఉంటాయి. ఈ లైబ్రరీలో ప్రతి ఫంక్షన్‌కీ ఒక వెర్షన్ ముద్ర ఉంటుంది. మీరు కంపైల్ చేసినప్పుడు ఆ మెషీన్‌లో ఉన్న ముద్రలే మీ ప్రోగ్రాంలోకి ఎక్కుతాయి. కొత్త జీలిబ్‌సీ పాత ముద్రలన్నిటినీ గౌరవిస్తుంది. పాతదానికి మాత్రం కొత్త ముద్రలు తెలియవు. అందుకే పాత మెషీన్‌లో కట్టినది, అంటే కంపైల్ చేసినది, కొత్తదానిలో నడుస్తుంది గానీ, కొత్తదానిలో కట్టినది పాతదానిలో నడవదు. మీరు అంకెలను ప్రోగ్రాంలోకి చదువుకునే మామూలు సీ ఫంక్షన్లు వాడినా చాలు, ఉబుంటు 24.04లో వాటికి 2.38 ముద్ర పడుతుంది. 2.34 అని అడిగే వరుసకి కారణం ఇంకా చిన్నది. ఆ వెర్షన్‌లో, అంటే 2021లో, థ్రెడ్ల లైబ్రరీని సీ లైబ్రరీలో కలిపేశారు, ప్రోగ్రాం మొదలయ్యే తొలి ఫంక్షన్‌కి కూడా కొత్త ముద్ర వేశారు. ఏమీ చేయని రెండు లైన్ల ప్రోగ్రాం అయినా, 2.34 తర్వాతి మెషీన్‌లో కడితే సెంటోస్ 7లో లేవదు.

ఇక్కడ దయచేసి ఒక్క పని చేయకండి. ఆ ఎర్రర్ చూడగానే చాలామందికి "అయితే ఆ లైబ్రరీ ఫైలే తెచ్చి పెడదాం" అనిపిస్తుంది. నాలుగేళ్ల కింద ఒక ల్యాబ్‌లో నెల్లూరు కుర్రాడు ఉబుంటు నుంచి జీలిబ్‌సీ ఫైలు కాపీ చేసుకొచ్చి తన హోమ్ ఫోల్డర్‌లో పెట్టాడు. లైబ్రరీలను ముందు అక్కడ వెతకమని ఎల్‌డీ లైబ్రరీ పాత్ వేరియబుల్‌ను లాగిన్ కాగానే నడిచే తన బాష్‌ఆర్‌సీ ఫైల్లో రాసేశాడు. ఆ రోజు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు, "అన్నా, ఎల్‌ఎస్ కొట్టినా సెగ్మెంటేషన్ ఫాల్ట్ అంటోంది, డేటా అంతా పోయిందేమో" అని గొంతు వణుకుతోంది. డేటా ఎక్కడికీ పోలేదు. జీలిబ్‌సీ, దాన్ని మెమరీలోకి ఎక్కించే లోడర్ జంటగా వచ్చేవి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే సిస్టమ్‌లో ఏ కమాండూ బతకదు. లాగిన్ అయితే ప్రాంప్ట్ వస్తుంది, ఎందుకంటే మనం కొట్టే కమాండ్లను చదివే బాష్ అప్పటికే పాత లైబ్రరీతో లేచి ఉంటుంది. కానీ ఎల్‌ఎస్, క్యాట్, వీఐ ఏదీ పనిచేయదు. "అన్‌సెట్ అని కొట్టి ఆ వేరియబుల్ పేరు రాయి" అన్నాను. అన్‌సెట్ అనేది బాష్‌లోనే ఇమిడి ఉన్న కమాండ్, దానికి వేరే ఫైలు అక్కర్లేదు. ఎంటర్ కొట్టగానే ఎల్‌ఎస్ వచ్చింది, ఫైళ్లన్నీ కనబడ్డాయి. తర్వాత బాష్‌ఆర్‌సీలో ఆ లైను తీయించాను. అతను మామూలు యూజర్ కాబట్టి దెబ్బ అతని లాగిన్ వరకే ఆగింది. అదే పని రూట్ పాస్‌వర్డ్ ఉన్నవాళ్లు సిస్టమ్ ఫోల్డర్‌లో చేస్తే మెషీన్ మొత్తం పడిపోతుంది, పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి బాగుచేయాల్సి వస్తుంది.

అయితే పాత మెషీన్‌లోనే కట్టేద్దామా అంటే, సెంటోస్ 7తో వచ్చే కంపైలర్ జీసీసీ 4.8.5. ఇప్పటి గ్రోమాక్స్‌కి సీ++17 కావాలి, అది ఈ కంపైలర్‌కి రాదు. క్లస్టర్‌లో కొత్త జీసీసీని మాడ్యూల్‌గా, అంటే కావాల్సినప్పుడు లోడ్ చేసుకునేలా, పెట్టి ఉంటారు, "మాడ్యూల్ అవైల్" కొట్టి చూడండి. ఏ జీసీసీతో కట్టారో జాబ్ స్క్రిప్ట్‌లోనూ అదే మాడ్యూల్ లోడ్ చేయాలి. టెర్మినల్‌లో లోడ్ చేసి, స్క్రిప్ట్‌లో మర్చిపోయి, "లాగిన్ నోడ్‌లో నడుస్తోంది, జాబ్‌లో నడవట్లేదు" అని వచ్చేవాళ్లు నాకు ప్రతి సెమిస్టర్‌లోనూ కనిపిస్తారు.

రెండోది ప్రాసెసర్. గ్రోమాక్స్ కంపైల్ అయ్యేటప్పుడు ఆ మెషీన్ ప్రాసెసర్‌ను చూసి దానికి తగిన సిమ్డ్ ఇన్‌స్ట్రక్షన్లు, అంటే ఒకేసారి చాలా అంకెల మీద పనిచేసే ఆదేశాలు, ఎంచుకుంటుంది. ఎస్పీ రోడ్డులో అసెంబుల్ చేయించిన కొత్త రైజెన్ 7000 మెషీన్‌లో కడితే వాటిలో ఏవీఎక్స్-512 అనే రకాన్ని ఎంచుకోవచ్చు. క్లస్టర్ నోడ్లలో జియాన్ ఈ5 వీ4 లాంటి పాతవి ఉంటే వాటికి ఏవీఎక్స్2 వరకే తెలుసు. అప్పుడు లైబ్రరీలన్నీ సరిగ్గా ఉన్నా "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని ఒక్క ముక్క చెప్పి ప్రోగ్రాం చచ్చిపోతుంది. ఈ ఎర్రర్‌కీ డిస్ట్రోకీ సంబంధం లేదు. కాన్ఫిగర్ చేసేటప్పుడు గ్రోమాక్స్ సిమ్డ్ ఆప్షన్‌ను ఏవీఎక్స్2_256 అని మీరే చెప్పండి. రెండు చోట్లా నడుస్తుంది, వేగంలో పెద్దగా పోయేదేమీ లేదు. మీ లాగ్ ఫైలు మొదటి పేజీ చూడండి, కట్టినప్పుడు ఎంచుకున్న సిమ్డ్ ఏదో, ఈ నోడ్‌కి తగినది ఏదో గ్రోమాక్సే రాసి పెడుతుంది. డిస్ట్రో రిపాజిటరీ నుంచి నేరుగా ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీలను ఏ ప్రాసెసర్‌లోనైనా నడవాలని కింది స్థాయికి కడతారు. నేర్చుకోవడానికి అవి చాలు, నెలల తరబడి నడిపే రన్లకు మాత్రం సొంతంగా కట్టుకోండి.

ఎంపీఐ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇది ఎర్రర్ ఇవ్వకుండా మోసం చేస్తుంది. ఓపెన్‌ఎంపీఐ, ఎంపిచ్ అని రెండు పెద్ద కుటుంబాలున్నాయి, ఒకదాని రన్నర్‌తో ఇంకోదానితో కట్టిన ప్రోగ్రాం కలవదు. ఉబుంటులో ఎంపీఐ ఇన్‌స్టాల్ చేస్తే దాని రన్నర్ ఎంపీఐరన్ నేరుగా దొరుకుతుంది. రాకీలో ఇన్‌స్టాల్ చేసినా మాడ్యూల్ లోడ్ చేసేదాకా కనిపించదు. అది కనిపించక కొందరు కొండా అనే ప్యాకేజీ మేనేజర్‌తో ఇంకో ఎంపీఐ వేసుకుంటారు, ఇక రెండూ కలగాపులగం అవుతాయి. ఒక విద్యార్థిని పదహారు కోర్ల జాబ్ మూడు రోజులు నడిపి, "కోర్లు పెంచినా స్పీడ్ రావట్లేదు" అని నన్ను పిలిచింది. వెళ్లి ఫోల్డర్ చూశాను. లాగ్ ఫైలు ఒకటి, దాని పక్కన అదే పేరుకి అటూ ఇటూ హ్యాష్ గుర్తులతో 1 నుంచి 15 వరకు బ్యాకప్ ఫైళ్లు. గ్రోమాక్స్ ఉన్న ఫైలును చెరపకుండా అలా పక్కన పెడుతుంది. అంటే పదహారు కోర్లు కలిసి ఒక సిమ్యులేషన్ చేయలేదు, పదహారు సిమ్యులేషన్లు ఒక్కొక్క కోర్‌లో విడివిడిగా అదే పని చేశాయి. లాగ్ తెరిస్తే "1 ఎంపీఐ ప్రాసెస్" అని స్పష్టంగా రాసి ఉంది. మూడు రోజుల పని పోయిందని ఆ అమ్మాయి పడ్డ బాధ నాకింకా గుర్తుంది. జాబ్ వేసిన మొదటి రెండు నిమిషాల్లో లాగ్ తెరిచి ఆ అంకె చూడండి. తర్వాత "విచ్ ఎంపీఐరన్" కొట్టి, ఏ లైబ్రరీలు వాడుతోందో చూపే ఎల్‌డీడీని మీ ప్రోగ్రాం మీద నడిపి, రెండూ ఒకే ఫోల్డర్ వైపు చూపిస్తున్నాయో లేదో చూసుకోండి.

మీ పక్క ల్యాబ్‌లో వాతావరణానికి వాడే డబ్ల్యూఆర్‌ఎఫ్ లాంటి ఫోర్ట్రాన్ మోడల్ నడిపేవాళ్లు ఉంటే వాళ్ల కష్టం ఇంకో రకం. జీసీసీలోని ఫోర్ట్రాన్ కంపైలర్ జీఫోర్ట్రాన్, దాని రన్‌టైమ్ లైబ్రరీ వెర్షన్ జీసీసీ 6 వరకు 3, జీసీసీ 7లో 4, జీసీసీ 8 నుంచి 5. ఫోర్ట్రాన్ మాడ్యూల్ ఫైళ్లు కూడా కంపైలర్ వెర్షన్‌కి కట్టుబడి ఉంటాయి. డేటా ఫైళ్ల లైబ్రరీ నెట్‌సీడీఎఫ్‌ను ఒక జీఫోర్ట్రాన్‌తో, మోడల్‌ను ఇంకోదానితో కడితే "వేరే వెర్షన్ చేసిన మాడ్యూల్ ఫైలు" అని చదవనంటుంది. రెండూ ఒకే కంపైలర్‌తో కట్టాలి, వేరే దారి లేదు. ఇంకొకటి, జీసీసీ 10 నుంచి ఫోర్ట్రాన్ కాల్స్‌లో ఆర్గ్యుమెంట్ల టైపు కలవకపోతే వార్నింగ్ కాకుండా ఎర్రర్ ఇస్తుంది. ఉబుంటు 20.04లో, అంటే జీసీసీ 9తో, కంపైల్ అయిన పాత కోడ్ 22.04లో ఆగిపోయేది అందుకే. ఆర్గ్యుమెంట్ మిస్‌మ్యాచ్‌ను అనుమతించే ఫ్లాగ్ ఇస్తే కదులుతుంది.

చిన్నా చితకా తేడాలు ఇంకొన్ని ఉన్నాయి. ఉబుంటులో ఎస్‌హెచ్ అంటే డ్యాష్, రాకీలో బాష్. అందుకే రాకీలో రాసిన స్క్రిప్ట్ ఉబుంటులో డబుల్ బ్రాకెట్ దగ్గర తడబడుతుంది. పాత సైన్స్ ప్యాకేజీల్లో చాలా స్క్రిప్టులు సీ షెల్‌లో ఉంటాయి, ఇప్పటి డిస్ట్రోల్లో అది ముందుగా ఉండదు, ఇన్‌స్టాల్ చేసుకోవాలి. వీటికి టెన్షన్ పడక్కర్లేదు, ఎర్రర్ చదివితే పది నిమిషాల పని.

ఇక మీ మూడు మెషీన్లకు నేనైతే ఏం చేస్తానో చెప్తాను. పైథాన్ అనాలిసిస్ అంతా కొండాతో వచ్చే మినీఫోర్జ్‌లో పెట్టుకుంటాను. దానికి ప్యాకేజీలు ఇచ్చే కొండా-ఫోర్జ్ వాళ్లు ఏళ్ల తరబడి జీలిబ్‌సీ 2.17 గానీ అంతకన్నా పాతది గానీ ఆధారంగా పెట్టుకుని ప్యాకేజీలు కడుతూ వచ్చారు, కాబట్టి ఒకే ఎన్విరాన్‌మెంట్ ఫైలుతో మూడు చోట్లా చాలావరకు పని జరుగుతుంది. సిస్టమ్ పైథాన్‌ను ముట్టుకోను. ఉబుంటు 24.04లో పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్ నేరుగా ఇన్‌స్టాల్ చేయనివ్వకపోవడం తప్పు కాదు, సిస్టమ్‌ను కాపాడటానికే అలా పెట్టారు.

గ్రోమాక్స్‌ను మాత్రం ఆప్‌టైనర్ కంటెయినర్‌లో కడతాను. కంటెయినర్ అంటే ప్రోగ్రాంనీ దానికి కావాల్సిన లైబ్రరీలనీ కలిపి కట్టిన మూట. ఆప్‌టైనర్ పాత పేరు సింగ్యులారిటీ, 2021లో లైనక్స్ ఫౌండేషన్ కిందికి వచ్చినప్పుడు పేరు మార్చారు. క్లస్టర్లలో ఇలాంటిదే అయిన డాకర్‌ను సాధారణంగా ఇవ్వరు, అది రూట్ హక్కుతో నడుస్తుంది కాబట్టి. ఆప్‌టైనర్ మీ యూజర్ హక్కుతోనే నడుస్తుంది, మొత్తం కంటెయినర్ ఒకే ఫైలుగా ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 ఇమేజ్ మీద గ్రోమాక్స్‌ను ఏవీఎక్స్2తో కట్టి, ఆ ఒక్క ఫైలు ఆర్‌సింక్‌తో కాపీ చేస్తే మూడు చోట్లా అదే బైనరీ, అవే లైబ్రరీలు. ఊరికి వెళ్లేటప్పుడు క్యారియర్‌లో అన్నం, కూర, పచ్చడి అన్నీ సర్దుకెళ్లినా నీళ్లు మాత్రం అక్కడివే తాగినట్టు, కంటెయినర్ అన్నీ మోసుకెళ్లినా సిస్టమ్‌కి మూలమైన కెర్నల్ మాత్రం ఆ మెషీన్‌దే వాడుతుంది. సెంటోస్ 7 కెర్నల్ 3.10. ఉబుంటు 22.04 జీలిబ్‌సీకి అది చాలు, కాబట్టి గ్రోమాక్స్ నడుస్తుంది. కానీ అదే కంటెయినర్‌లో క్యూటీ5 అనే విండోల లైబ్రరీతో గ్రాఫులు గీయాలని చూస్తే "క్యూటీ5కోర్ లైబ్రరీ తెరవలేకపోయాను" అంటుంది. వెళ్లి చూస్తే ఫైలు కళ్లెదుటే ఉంటుంది. ఆ లైబ్రరీలో ఇంత కన్నా పాత కెర్నల్ వద్దని ఒక గుర్తు రాసి ఉంటుంది, అందుకే లోడర్ దాన్ని లేనట్టే చూస్తుంది. నాకు ఇది మొదటిసారి తగిలినప్పుడు అర్థం కావడానికి ఒక పూట పట్టింది. స్ట్రిప్ కమాండ్‌తో ఏబీఐ ట్యాగ్ నోట్‌ను తీసేస్తే నడుస్తుంది, లేదా గ్రాఫులు ల్యాప్‌టాప్‌లో గీయండి.

జీపీయూ డ్రైవర్ కూడా ఆ మెషీన్‌దే. ఆప్‌టైనర్‌కి ఎన్‌వీ ఆప్షన్ ఇస్తే అది బయటి డ్రైవర్‌ను లోపలికి చూపిస్తుంది. కంటెయినర్‌లో ఎన్‌విడియా జీపీయూ సాఫ్ట్‌వేర్ అయిన కుడా 12 ఉంటే బయట 525 సిరీస్ లేదా ఆ పై డ్రైవర్ ఉండాలి. ఎన్‌విడియా ఎస్‌ఎమ్‌ఐ కొడితే మొదటి వరుసలోనే డ్రైవర్ వెర్షన్ ఉంటుంది, కట్టే ముందే చూసుకోండి. ఇంకో సంగతి, ఆప్‌టైనర్ మీ హోమ్ ఫోల్డర్‌ను లోపలికి తెస్తుంది. మీరు ఎప్పుడో పిప్‌తో అక్కడ వేసుకున్న పైథాన్ ప్యాకేజీలు కూడా లోపలికి దూరతాయి. పైథాన్ వాడే కంటెయినర్ అయితే నో-హోమ్, క్లీన్‌ఎన్వ్ ఆప్షన్లతో నడపండి. కొన్ని నోడ్లు కలిపి నడిపే పెద్ద జాబ్ అయితే బయటి ఎంపీఐ, లోపలి ఎంపీఐ ఒకే కుటుంబం, దగ్గరి వెర్షన్ అయ్యేలా చూసుకోవాలి. మీ ప్రోటీన్ సైజుకి ఒక్క నోడ్ చాలు, ఆ గొడవలోకి దిగకండి.

ఐఐఎస్‌సీలో 2022లో మొదలైన పరమ్ ప్రవేగ 3.3 పెటాఫ్లాప్స్ మెషీన్. రేపు మీకు అలాంటి చోట అకౌంట్ వస్తే అక్కడి డిస్ట్రో మీ చేతుల్లో ఉండదు. అప్పుడు కూడా పనికొచ్చేది ఈ కంటెయినర్ ఫైలే, లేదా స్పాక్. లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్‌లో పుట్టిన స్పాక్ కంపైలర్‌తో సహా అన్నిటినీ మీ హోమ్‌లోనే కట్టిపెడుతుంది. మొదటిసారి గంటలు పడుతుంది, ఓపిక కావాలి.

సెంటోస్ 7 వేసుకోమన్న సీనియర్ మాట వినకండి. దానికి 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోయాయి, నెట్‌కి కలిపే ల్యాప్‌టాప్‌లో అది ప్రమాదం. సైంటిఫిక్ లైనక్స్ అనే పేరు కూడా మీకు తగిలి ఉంటుంది. ఫెర్మీల్యాబ్, సెర్న్ కలిసి 2004లో మొదలుపెట్టినది, అదీ 7వ వెర్షన్‌తోనే ఆగింది. ఆ రెండు సంస్థలే 2022 డిసెంబర్‌లో ఆల్మాలైనక్స్‌ను సిఫార్సు చేశాయి. ఆర్చ్ మంచి డిస్ట్రోనే, కానీ దానిలో లైబ్రరీలు ఎప్పటికప్పుడు మారిపోతాయి. థీసిస్ మధ్యలో ఒక అప్‌డేట్‌తో మీరు కట్టుకున్న ప్రోగ్రాం నిలిచిపోతే తిరిగి కట్టే తీరిక ఉండదు.

మీ గైడ్ ప్రశ్న అసలైనది. కంప్యూటర్‌లో 0.1, 0.2, 0.3 ని కూడి చూడండి. మొదటి రెండూ ముందు కూడితే 0.6000000000000001 వస్తుంది, చివరి రెండూ ముందు కూడితే 0.6 వస్తుంది. సిమ్డ్ వెడల్పు మారినా, కోర్ల సంఖ్య మారినా కూడిక వరుస మారుతుంది. గ్రోమాక్స్ మామూలుగా మిక్స్‌డ్ ప్రెసిషన్‌లో ఏడు అంకెల వరకే పట్టుకుంటుంది కాబట్టి ఆరో అంకెలో తేడా రావడం సహజం. ఆ చిన్న తేడా అడుగడుగునా పెరిగి కొన్ని పికోసెకన్లకే అణువుల దారులు వేరైపోతాయి. ఒకే మెషీన్‌లో రెండుసార్లు నడిపినా కలవకపోవచ్చు. కచ్చితంగా అవే అంకెలు కావాలంటే అదే మెషీన్‌లో రీప్రాడ్ ఆప్షన్ ఉంది, నిదానంగా నడుస్తుంది, లోపాలు వెతకడానికి మాత్రమే వాడండి.

అలాగని ప్రతి తేడానీ ఇలా కొట్టిపారేయకండి. 2019లో హవాయి విశ్వవిద్యాలయం రసాయన శాస్త్రవేత్తలు, చాలామంది వాడుతున్న ఒక పైథాన్ స్క్రిప్ట్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను బట్టి వేర్వేరు జవాబులు ఇస్తోందని కనిపెట్టారు. ఫోల్డర్‌లోని ఫైళ్లను సిస్టమ్ ఏ వరుసలో ఇస్తే ఆ వరుసలో స్క్రిప్ట్ చదివేసేది, జతలు తారుమారయ్యేవి. మీ అనాలిసిస్ స్క్రిప్టుల్లో ఫైళ్ల జాబితా తెచ్చే గ్లోబ్ వాడిన ప్రతిచోటా వాటిని వరుసలో పెట్టే సార్టెడ్ పెట్టారో లేదో ఇవాళే చూసుకోండి.

మూడు మెషీన్లను పోల్చేటప్పుడు ఇలా చేయండి. రన్‌కి ఇన్‌పుట్ తయారుచేసే గ్రోమ్ప్ ఒక్కచోటే నడిపి, అది ఇచ్చే టీపీఆర్ ఫైలునే మూడు చోట్లకీ కాపీ చేయండి. పాత గ్రోమాక్స్ కొత్త టీపీఆర్‌ను చదవలేదు కాబట్టి మూడింటిలోనూ ఒకే వెర్షన్ ఉండాలి. సున్నా స్టెప్‌లో పొటెన్షియల్ ఎనర్జీ అయిదారు అంకెల వరకు కలవాలి. మూడో అంకెలోనే తేడా ఉంటే అది కూడిక వరుస తేడా కాదు, ఏదో తప్పు జరిగింది. అది కలిసిన తర్వాత పొడవైన రన్ల సగటులు చూడండి. గ్రోమాక్స్ ఎనర్జీ టూల్ సగటు పక్కనే ఎర్రర్ ఎస్టిమేట్ ఇస్తుంది, సగటుల తేడా ఆ హద్దులో ఉంటే మూడూ కరెక్టే అని గైడ్‌కి ధైర్యంగా చెప్పొచ్చు. కొత్తగా కట్టిన ప్రతిసారీ గ్రోమాక్స్ సొంత పరీక్షలైన మేక్ చెక్ నడపడం మాత్రం మానకండి.

క్లస్టర్‌లో ఆప్‌టైనర్ ఉందో లేదో అడ్మిన్‌ని అడగండి. అక్కడ ఎల్‌ఎస్‌సీపీయూ, ఎన్‌విడియా ఎస్‌ఎమ్‌ఐ, మాడ్యూల్ అవైల్ కమాండ్ల అవుట్‌పుట్లు, మీ మూడు రన్ల సున్నా స్టెప్ ఎనర్జీలు ఇక్కడ పెట్టండి. కంటెయినర్ రెసిపీ ఫైలు మీ నోడ్లకు తగ్గట్టు నేనే రాసిస్తాను.